అసిరితల్లి పేరుతో వచ్చిన కామెంటు

ఫిబ్రవరి 6, గురువారం

ఈ ఉదయం ఏడు గంటలకు గంగడపేట పెద్దలు జోగయ్య బోటు సముద్రంలోకి దిగకూడదని చెప్పారు. కారణం, నా బ్లాగు కింద ఆ బోటు పేరుతో పడిన ఒక కామెంటు.

ఫోను చేసి చెప్పింది జోగయ్యే. అతని గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ వచ్చింది.

"మీ బ్లాగంట, అందల మా బోటు బొమ్మెట్టి ఎవలో ఏటో రాసేరట బాబూ. నాను రాయనేదు. నాకు రాయడమే రాదు. నాతో పాటు కళాసీలు కూడా ఏ బోటూ ఎక్కకూడదన్నారు. ఆళ్లేటి సేసేరు?"

కళాసీలంటే అతని బోటు మీద వేటకు వెళ్లేవాళ్లు. వాళ్లేమీ చేయలేదు. నాకు ఆ మాట కూడా చెప్పబుద్ధి కాలేదు. కనుక్కుంటానన్నాను.

కామెంటు ఇది. మార్చకుండా రాసుకుంటున్నాను.

"మీటింగు అవనేదు. రచ్చ కాడ ఎవలూ కూకోనేదు. సంతకాలు హేచరీ ఆపీసులో ఎట్టేరు. సేపలు ఎండేసుకునేది మేము. మమ్మల్ని ఎవలూ అడగనేదు."

పేరు ఉండే చోట 'అసిరితల్లి' అని ఉంది. పక్కన బోటు ముక్కు ఫొటో. ఎరుపు రంగు, మీద పసుపు గీత.

ఐదు వాక్యాలు. ప్రతిదాన్నీ సరిచూసుకోవచ్చు. రొయ్యపిల్లల హేచరీ వాళ్లు సముద్రపు నీళ్లు తోడుకోవడానికి పేట ముందున్న ఇసుక మీదుగా గొట్టం వేస్తారట. గ్రామస్థులందరూ సమావేశమై ఒప్పుకున్నట్టు ఒక కాగితం ఉంది. ఆ ఇసుక మీదే అక్కడి ఆడవాళ్లు నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు ఎండబెడతారు. గొట్టం వస్తే దాని చుట్టూ కంచె వస్తుంది. కంచె వస్తే ఇసుక పోతుంది. ఆ కాగితం మీద నేను రాసిన వార్తను నా పత్రిక వేయలేదు. డిసెంబరులో ఉద్యోగం మానేసి బ్లాగులో పెట్టాను. ఇప్పటివరకు దాని కింద పనికొచ్చే మాట ఒక్కటే వచ్చింది. ఆ ఒక్క మాటకు ఒక బోటు ఒడ్డున పడింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

అనూరాధ పొద్దున్నే ఫోను చేసింది. నా భార్య యమునకు చెల్లెలు. విజయనగరంలో డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతుంది. బ్లాగు తయారుచేసి ఇచ్చింది తనే. అక్కాచెల్లెళ్లు నిన్ననే మాట్లాడుకున్నట్టున్నారు.

"బావా, నాను అప్పుడే సెప్పేనా లేదా?"

చెప్పింది. కామెంట్లు ఎలా తీసుకోవాలన్న దగ్గర మేమిద్దరం డిసెంబరులో ఒక ఆదివారమంతా కూర్చున్నాం. బ్లాగుతో పాటు వచ్చే మామూలు కామెంట్ల పెట్టెలో ఎవరైనా ఏ పేరుతోనైనా రాయొచ్చు. అది పెట్టిన వారంలోనే ఆన్‌లైన్ రమ్మీ, అప్పుల యాప్‌లు, మా అమ్మను తిడుతూ ఒకటి. ఇంకోదానికి నెలనెలా డబ్బు కట్టాలి. మరొకటి, ప్రోగ్రాములు రాసేవాళ్ల దగ్గరుండే ఖాతా అడుగుతుంది. "అలాటి ఖాతా ఉన్న నీ పాఠకుల్లో నాను ఒక్కదాన్నే" అంది అనూరాధ. చివరిది ఉచితం. ఫోనులో ఉన్న ఖాతాతోనే లోపలికి రానిస్తుంది. ఆ ఖాతా పేరు, ఫొటో కామెంటు పక్కన చూపిస్తుంది. రాసేవాళ్లు వేరే పేరు పెట్టుకోవడానికి వీల్లేదు.

అదే కావాలన్నాను.

"జనం భయపడతారు బావా."

"పేరు చెప్పలేనివాళ్ల మాట నాకెందుకు?"

"నీకు పేరు కావాల, ఆళ్లకి పేటలో బతుకు కావాల."

ఇరవై ఆరేళ్లు నేను పని చేసింది ఆ నియమం మీదే. పేరు లేని మాట అచ్చుకు పంపలేదు. నేను ఎంచుకున్నది సరైనదే.

ఇవాళ ఇంకో సంగతి చూశాను. ఉచితం కాబట్టి ఆ పెట్టె కింద ప్రకటనలు వస్తాయి. హేచరీ కాగితం మీద నేను రాసిన దాని కింద, జోగయ్య బోటు బొమ్మ కింద, రొయ్యల మేత ప్రకటన. బస్తా మీద మీసాలు తిప్పుతున్న రొయ్య. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

గంగడపేట వెళ్లాను. బస్సులో కళింగపట్నం వరకు, అక్కణ్ణుంచి ఆటో. పేటలో మిగతా బోట్లన్నీ వేటకు పోయాయి. ఒడ్డున అసిరితల్లి ఒక్కటే ఉంది. జోగయ్య దాని నీడలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. బాగుచేయాల్సింది ఏమీ ఉన్నట్టు లేదు.

"ఆ ఫోను ఎవరిది జోగయ్యా?"

"బోటుది."

"బోటుదంటే? ఎవరి పేరు మీద ఉంది?"

"బోటు పేరు మీదే."

కాస్త అవతల నెత్తళ్లు తిరగేస్తున్న ఆవిడ నడుం ఎత్తింది. జోగయ్య అక్క గున్నమ్మ. భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉంటోంది. చేపలు ఎండబెట్టడం, బేరం చేయడం ఆవిడ పని.

"పేపరోడివి, ఈ మాత్తరం తెల్దేటి నీకు? లోపలికెల్తే సిగ్నలుండదు. తడిస్తే పోతాది. అందుకని ఫోను గట్టున మాకాడే ఉంటాది. పలాస కాణ్ణించి సేపలు కొనే ఐసు వేనోడు ఫోన్ సేస్తే మాము రేటు సెప్తాం. ఆడు నీ పేరేటి అనడు. ఏ బోటూ అంటాడు."

ఫోను కొన్నప్పుడు దుకాణం అతనికి బోటు లైసెన్సు కాగితం ఇచ్చారట. అతను అందులో ఉన్న పేరే ఖాతాకు పెట్టాడు. ఫొటో అడిగితే బోటు ఫొటో తీసుకెళ్లారు. పేటలో అన్ని బోట్లకూ అంతే. నేను పేరు చూపించే పెట్టె కావాలని పట్టుబట్టాను. అక్కడ పేరంటే బోటు. రెండేళ్లుగా ఆ పేటకు వెళ్తున్నాను. నాకు తెలియదు.

"ఎవరు రాశారమ్మా?" అని అడిగాను.

"నువ్వు సదివేవు గదా. అందల అబద్ధం ఉన్నాదేటి?"

"లేదు."

"మరింకేటి నీకు?"

ఆవిడ మళ్లీ వంగింది. ఆవిడకు రాయడం రాదు. కానీ ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే అదే రాస్తుంది. ఐసు వ్యాన్లకు సందేశాలు అలాగే పంపుతుందట.

"రాసింది ఎవరైతే వాళ్లనే అడగొచ్చు కదా, బోటునెందుకు ఆపడం?" అన్నాను జోగయ్యతో.

"ఆడోల్ని పెద్దల ముందర నిలబెట్టరు బాబూ. మా పేటలో ఆ వాడిక నేదు. ఇంట్లో తప్పు ఎవలు సేసినా బోటు మీదకే వస్తాది."

"మరి హేచరీకి దారి ఇమ్మని అడిగినప్పుడు?"

"అప్పుడూ ఆడోల్ని పిలవరు" అంది గున్నమ్మ, తల ఎత్తకుండా.

తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇసుకలో కొత్తగా పాతిన గుంజలు చూశాను. వాటికి ఎర్ర గుడ్డలు కట్టి ఉన్నాయి. ఒకటి సరిగ్గా చేపల మధ్యలో ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఏమీ లేదు. మేత ప్రకటన ఇంకా ఉంది.

ఫిబ్రవరి 10, సోమవారం

నరసింగరావు మా ఇంటికి వచ్చాడు. గంగడపేట పెద్దల్లో ఆయనే పెద్ద. నీలమ్మతల్లి అనే బోటు ఆయనది. కాగితం మీద మొదటి సంతకమూ ఆయనదే. తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో అరటిపళ్లతో వచ్చాడు. నేను కూర్చోమన్నాను. అలవాటు.

"మీమీద మాకేటీ కోపం నేదు బాబూ. మీ ఉద్యోగం మీది. ఆ ముక్క తీసీండి, సాలు. మర్నాడే జోగయ్య బోటు దిగుతాది. నాను దగ్గరుండి తోయిస్తాను."

"సమావేశం జరిగిందా?"

"జరిగినట్టే."

"జరిగిందా, లేదా?"

"పెద్దోళ్లం కలిసేం. మాము కలిస్తే పేట కలిసినట్టే గదా."

"ఎక్కడ కలిశారు?"

టీ గ్లాసు కింద పెట్టాడు. నాకు ఆ ఒక్క జవాబు చాలు. అది మాత్రం రాలేదు.

యమున వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "మావయ్యా, మీ ఇంట్లో నెత్తళ్లు ఎక్కడ ఎండేస్తారు?" అని అడిగింది.

"అక్కడే అమ్మా."

"గొట్టం వేశాక?"

"సూద్దాం" అన్నాడాయన, అరటిపళ్లు టేబులు మధ్యకు జరుపుతూ.

ఆయన వెళ్లాక యమున ఆ పళ్లు పక్కింటివాళ్లకు ఇచ్చేసింది. నేను వద్దనలేదు.

తీసేస్తే రేపు జోగయ్యదీ కళాసీలవీ కలిపి ఆరు ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. తీసేస్తే సమావేశం జరిగినట్టే. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. ఇలాంటి చోట నన్ను నిలబెట్టినవాళ్లందరి మీదా కోపంగా ఉంది.

ఫిబ్రవరి 11, మంగళవారం

విజయనగరం. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి ఆటోలో అనూరాధ కాలేజీకి. లంచ్ బెల్ కొట్టాక ల్యాబులో కూర్చున్నాం. తన టిఫిను బాక్సులో సగం నాకు పెట్టింది.

కొత్త పద్ధతి చెప్పింది. చిన్న సర్వరు ఒకటి అద్దెకు తీసుకుని మన సొంత పెట్టె పెట్టుకోవచ్చు. ప్రకటనలు ఉండవు. ఖాతాలు ఉండవు. పేరు ఇష్టమైతే రాస్తారు, లేకపోతే లేదు. నేను చూశాకే పైకి వస్తుంది.

"మరి పాత కామెంట్లు?"

"అవి రావు బావా. పాత పెట్టె తీసేస్తే దాంతోపాటే పోతాయి. కావాలంటే కాపీ చేసి పెట్టుకో. కానీ నువ్వు కాపీ చేసింది నీ మాటే అవుద్ది, ఆళ్ల మాట అవదు."

"అయితే మార్చేద్దాం."

ఆమె తినడం ఆపి నా వైపు చూసింది.

"అంటే కామెంటు తీసేస్తన్నావు."

"తీసేయడం లేదు. పద్ధతి మారుస్తున్నాను."

"నరసింగరావుకి కావాల్సింది అదే గదా?"

"నరసింగరావు కోసం నేను ఏమీ చేయను!"

అరిచినట్టున్నాను. కిటికీ దగ్గర నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలు వెనక్కి తిరిగి చూశారు. అనూరాధ మెల్లగా అంది: "పెద్ద గొంతుతో సెప్తే అది వేరే పని అయిపోదు బావా."

శనివారం సాయంత్రం మార్చడానికి ఒప్పుకుంది. అప్పటి వరకు పాత పెట్టెలో వచ్చేవన్నీ ముందు నా దగ్గర ఆగేలా చేసింది. నేను నొక్కితేనే పైకి వస్తాయి.

బస్సులో వస్తూ మళ్లీ ఆలోచించాను. ఇది పాఠకుల భద్రత కోసం. అంతే.

ఫిబ్రవరి 12, బుధవారం

నేను కామెంటు తీసేయడం లేదు. పద్ధతి మారుస్తున్నాను. రెండూ ఒకటి కాదు.

ఫిబ్రవరి 13, గురువారం

జోగయ్య కళాసీల్లో ఒకడు, ఈశ్వర్, వెతుక్కుంటూ ఇంటికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మీకాడ టైము ఉంటాది గదా సార్? అది ఎప్పుడు రాసేరో?"

ఉంటుంది. పైన పాఠకులకు 'కొన్ని వారాల క్రితం' అనే కనిపిస్తుంది. నాకు మాత్రం తేదీ, గంట, నిమిషం కనిపిస్తాయి.

"ఆ టైముకి మాము నీట్లో ఉంటే మాకు సమ్మంధం నేదని తేలిపోద్ది గదా. ఏరే బోటు ఎక్కనిస్తారు. జోగయ్య మావకి అప్ప గున్నమ్మ ఉన్నాది, బోటున్నాది. నాకేటున్నాది? రెండు సేతులున్నాయి."

"టైము చెబితే అప్పుడు ఫోను ఎవరి దగ్గరుందో కూడా తేలుతుంది ఈశ్వర్."

"అది నాకు తెల్దా? తెలిసే అడుగుతన్నాను. నాకు పిల్లలున్నారు సార్."

అతని మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

టైము చెప్పలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

నిన్న రాసింది పూర్తిగా నిజం కాదు. టైము చెప్పలేదు. కానీ మెట్లు దిగుతూ ఈశ్వర్ వెనక్కి తిరిగి, "మాము నీట్లో ఉన్నప్పుడా, గట్టున ఉన్నప్పుడా, అది ఒకటి సెప్పండి" అన్నాడు. "నీళ్లలో ఉన్నప్పుడే" అన్నాను.

నిజమే చెప్పాను. నిజం చెప్పడం నా వృత్తి. కళాసీలకు సంబంధం లేదన్నది వాస్తవం. ఆ వాస్తవం దాచే హక్కు నాకు లేదు.

మధ్యాహ్నానికి పేట నుంచి జవాబు తెలిసింది. పెద్దలు ఈశ్వర్ మాట విన్నారు. ఫోను బోటుది కాబట్టి తప్పు బోటుదే అన్నారు. కళాసీలకు కూడా మినహాయింపు లేదన్నారు. గున్నమ్మ చేపలు ఎండబెట్టే చోటు ఇవాళ్టి నుంచి వేరేవాళ్లదన్నారు. ఇది నేరుగా ఆవిడకు చెప్పలేదు. ఆడవాళ్లను నిలబెట్టరు కదా. జోగయ్యను పిలిచి చెప్పారు. 'పేపరు మురళే చెప్పాడు' అని నా పేరు కూడా చెప్పారట.

ఒక వాస్తవం చెప్పాను. దానితో ఎవరికీ మేలు జరగలేదు. ఒకరికి ఉన్న చోటు పోయింది.

నాలుగింటికి గున్నమ్మ ఫోను. ఫోను మీద 'అసిరితల్లి' అని పేరు పడింది. తిట్టడానికే అనుకుని ఎత్తాను.

"అమ్మా, నా వల్ల..."

"నీ వల్ల ఏటి? నువ్వు సెప్పకపోతే ఆళ్లకి తెల్దనుకున్నావేటి? పేటలో ఎవలింట్లో ఏ కూరో వాసన బట్టి సెప్తారు. ఆపు నీ సోది. నాకొకటి సెప్పు."

"చెప్పండి."

"సోమవారం కలెక్టరు కాడ అర్జీలిచ్చే గ్రీవెన్సు ఉంటాది గదా. నా మాట కాయితం మీద తీసి అట్టుకెల్తే సెల్తాదా?"

"ఒక్కటే ఉంది. ఎవరో ఒకరు రాశారని పక్కన పెడతారు."

"ఎన్నుంటే పక్కనెట్టరు?"

నేను ఏదో చెప్పబోయాను. ఆవిడ ఆగలేదు.

"సరే. నువ్వేటో ఆ పెట్టి మార్చేస్తన్నావంట. సుహాసిని సెప్పింది." సుహాసిని పేటలో అంగన్‌వాడీ టీచరు. నా బ్లాగు మొదట వీళ్లకు చదివి వినిపించింది ఆమేనట. యమునకు స్నేహితురాలు. మా ఇంట్లో మాట అలా వెళ్లింది.

"రేపు సాయంత్రం మారుస్తున్నానమ్మా. ఇక మీద మీ పేరు కనిపించదు. మీకు ఇబ్బంది ఉండదు."

"మా పేరు కనిపించకూడదని నీకు ఎవలు సెప్పేరు?"

"పేరు కనిపించే కదా ఇదంతా జరిగింది?"

"పేరు ఒకటే కనిపించింది. అందికే ఇదంతా జరిగింది. రేపు పొద్దున్న బోట్లు దిగినాక సూడు, అప్పటిదాకా ఏటీ కదపకు."

పెట్టేసింది. ఆ చివరి వాక్యం నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

బోట్లు వేటకు దిగాక, తెల్లారాక, నా దగ్గర ఆగిన కామెంట్లు ఒక్కొక్కటిగా రావడం మొదలుపెట్టాయి.

మొదటిది 'సత్యవతి' అనే బోటు. "మీటింగు అవనేదు. నాను ఆ రోజు ఇసకలోనే ఉన్నాను." రెండోది 'పోలమ్మ దీవెన'. "మమ్మల్ని అడగనేదు. అడిగితే వద్దందుము." తర్వాత 'సంద్య-బాబు', 'బంగారుతల్లి', 'శ్రీకూర్మం'. ఒకావిడ మైకులో మాట్లాడుతుండగా పక్కన కోడి కూసినట్టుంది. మధ్యలో అర్థం లేని మాట ఒకటి పడింది. ఆవిడ దాన్ని దిద్దుకుని మళ్లీ పంపింది.

నాకు మొదట వచ్చింది అనుమానం. ఒకే పొద్దున, ఒకే ఊరి నుంచి, ఒకే సంగతి. పత్రికలో అయితే బుట్టలో వేసేవాణ్ణి. గున్నమ్మకు ఫోను చేశాను.

"ఇవన్నీ ఎవరు రాస్తున్నారమ్మా? ఒక్కరే అన్ని ఫోన్లలో మాట్లాడుతున్నారా?"

వెనక నవ్వులు. స్పీకరులో పెట్టినట్టుంది. ఎవరో "ఓలమ్మా, పేపరోడికి డౌటొచ్చినాది" అన్నారు.

"ఎవల ఫోన్లో ఆళ్లు మాటాడతన్నారు. అందరం ఇక్కడే ఇసకలో ఉన్నాం. నా సోటులో కూకున్నాం. వచ్చి లెక్కెట్టుకో."

"మనుషుల పేర్లు కావాలమ్మా. బోటు పేరు సరిపోదు."

"ఎందుకు సరిపోదు? సముద్రంలో మునిగిపోతే ఆ పేరెట్టే గదా ఎతుకుతారు? అప్పుడు సరిపోద్ది, ఇప్పుడు సరిపోదేటి?"

అయినా ఒక్కొక్కరినీ ఫోనులోకి పిలవమన్నాను. పిలిచింది. ఒక్కొక్కరూ తమ పేరు, బోటు పేరు, ఆ రోజు ఎక్కడున్నారో చెప్పారు. వాళ్ల పేర్లు ఇక్కడ కూడా రాయను. విన్నాను, సరిచూశాను, నొక్కాను. ఒక్కోటీ పైకి వచ్చింది.

ఈశ్వర్ భార్య కూడా ఉంది. ఆమెకు ఫోను ఇవ్వడానికి బోటు లేదు. వాళ్ల అన్న బోటు ఫోనులో చెప్పింది. "మా ఆయన మీ ఇంటికొచ్చినాడంట. ఆయన మాట ఆయనది, నా మాట నాది" అంది.

పేటలో ఉన్న బోట్లలో ఒకటి తప్ప అన్నీ వచ్చాయి. ఆ ఒకటి రాదనుకున్నాను. భోజనానికి లేవబోతుంటే వచ్చింది. తెల్ల బోటు, నీలం గీత.

'నీలమ్మతల్లి'. "సంతకం మా ఇంటాయనది. ఆ రోజు పొద్దున్న బండి మీద హేచరీ ఆపీసుకి ఎల్లినాడు. నానే సొక్కా ఇస్తిరీ సేసి ఇచ్చేను. మీటింగని ఎవలూ నాకు సెప్పనేదు."

ఇది నొక్కే ముందు ఆవిడతో మాట్లాడాలన్నాను. గున్నమ్మ ఫోను ఇచ్చింది. నరసింగరావు భార్య జగ్గమ్మ.

"అమ్మా, ఇది పైకి వస్తే ఆయన చూస్తారు."

"సూడడానికే గదా రాసేను. ఎదురుగా సెప్తే ఇనడు. ఫోన్లో అయితే సదువుతాడు."

"ఇంట్లో గొడవ అవుతుంది."

"గొడవ కానిదెప్పుడు నాయనా? నా నెత్తళ్లు ఎక్కడ ఎండేసుకోమంతాడు, ఆడి నెత్తిమీదా?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. "నొక్కు" అంది.

నొక్కాను.

సాయంత్రం అనూరాధ ఫోను చేసింది. సర్వరు సిద్ధంగా ఉందట. వద్దన్నాను. పెట్టె ఇలాగే ఉంటుందన్నాను. ప్రకటనలు మాత్రం ఏం చేయలేమా అని అడిగాను.

"డబ్బు కడితే పోతాయి బావా. లేకపోతే ఆ రొయ్యని సూస్తూ ఉండు."

కట్టమన్నాను. నిన్నటి వరకు నేను పాఠకుల భద్రత అని రాసుకున్నదంతా చదివాను. అందులో నా భద్రత ఎంతో లెక్కవేయలేదు. ఇప్పుడు కోపం నరసింగరావు మీద తక్కువ, నా మీద ఎక్కువ ఉంది. దాన్ని తగ్గించే ప్రయత్నం చేయడం లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

పొద్దున్నే నరసింగరావు ఫోను.

"మురళి బాబూ, అది తీసీండి."

"ఏది?"

"మాది."

"మిగతావి ఉండొచ్చా?"

వెనక గిన్నెలు గట్టిగా పెడుతున్న చప్పుడు. మామూలుగా పెట్టే పద్ధతి కాదది.

"మీరు మా ఇంట్లో నిప్పెట్టేరు" అన్నాడు.

"రాసింది మీ బోటు. మీ పేటలో తప్పు ఇంట్లో ఎవరు చేసినా బోటుదే కదా."

ఇలాంటి మాట అనడం నాకు అలవాటు లేదు. అన్నాక బాగానే అనిపించింది. తర్వాత అంత బాగా అనిపించలేదు. ఆయన వయసు డెబ్బై. ఫోను పెట్టేసే ముందు ఒక్కటే అన్నాడు: "రేపు కూకుంటాం. వాడిక వాడికే."

సాయంత్రం గంగడపేట వచ్చి జోగయ్యతో మాట్లాడాను. ఈ రాత్రికి ఇక్కడే. పెద్దలు ఇంకా ఏమీ చెప్పలేదు. కొందరు మగవాళ్లు ఇళ్లలో అన్నం తినకుండా అలిగారట. కొందరికి అన్నం పెట్టలేదట. ఏది ఏ ఇంట్లో జరిగిందో అతనికి సరిగ్గా తెలియదు. నేను రెట్టించలేదు. రేపు తెల్లారకముందే బోటు దింపుతానన్నాడు.

"పెద్దలు ఒప్పుకోకుండానే దింపుతావా?"

"డీజిలు పోసేను బాబూ. ఈశ్వర్ని కూడా రమ్మన్నాను. వస్తానని అన్నేదు, రానని అన్నేదు."

సుహాసిని కామెంట్లన్నీ కాగితాల మీద తీయించింది. రేపు ఉదయం ఎనిమిదింటి బస్సుకు గున్నమ్మ, జగ్గమ్మ, ఇంకొందరు శ్రీకాకుళం బయలుదేరతారు. పదిన్నరకు కలెక్టరేట్‌లో గ్రీవెన్సు.

దానికి ముందు ఏడు గంటలకు పెద్దలు రచ్చ దగ్గర కూర్చుంటారు. ఏ బోట్లు నీళ్లలోకి దిగకూడదో చెప్పాలి.

దానికీ ముందు, నాలుగున్నరకు, జోగయ్య అసిరితల్లిని తోస్తాడు. ఆ బోటు తోయడానికి కనీసం ఎనిమిది మంది కావాలి. ఇప్పటికి ఉన్నది అతను, నేను.